కియారొస్తమీకి కుర్సీ ఎక్కడ వేద్దాం?

మొన్న బక్రీద్ నాడు మా ఇంట్లో గోష్త్ కంటే ఎక్కువ నమిలిన సంగతి ఒకటుంది. దస్తర్‌ఖాన్ ఎత్తేసి, చాయ్ తాగుతూ అందరం హాల్లో కూర్చున్నాం. మా అమ్మాయి కాలేజీ కోసం రాసిన వ్యాసం మా అబ్బాకి చదివి వినిపిస్తోంది. ప్రపంచ తారీఖ్‌లో గొప్ప ఫన్‌కార్ల గురించిన వ్యాసం. హాఫిజ్ షీరాజీ పేరు వచ్చినప్పుడు అబ్బా కళ్ళు మూసుకుని తల ఊపారు. ఉస్మానియా సల్తనత్‌లో మసీదులు కట్టిన సినాన్ వచ్చాడు, మైఖేలాంజెలో వచ్చాడు, హెరాత్ ముసవ్విర్ బెహ్జాద్ వచ్చాడు. తర్వాత అమ్మాయి "అబ్బాస్ కియారొస్తమీ" అని చదివింది. అబ్బా కళ్ళు తెరిచారు.

"ఈయన ఎవరు బేటీ? కాతిబా, షాయరా?"

"ఫిల్మ్ డైరెక్టర్, దాదా. ఇరాన్."

"సినిమా తీసేటాయన?" అబ్బా చాయ్ కప్పు కింద పెట్టేశారు. "సినిమా తీసేటాయనని తీస్కపోయి బెహ్జాద్ పక్కన కూసోబెట్టినవా? తౌబా!"

అబ్బా కోపానికి ఒక కారణం ఉంది. ఆయన కాతిబ్. హైదరాబాద్‌లో ఒక ఉర్దూ పత్రికలో ముప్పై ఏళ్ళకు పైగా కితాబత్ చేశారు. కుడి మోకాలు మీద అట్ట, అట్ట మీద కాగితం, చేతిలో బరూ కలమ్. రాత్రి పదింటికి ఖబర్ వస్తే పన్నెండింటికల్లా ముత్యాల్లాంటి నస్తాలీఖ్‌లో పేజీ తయారయ్యేది. తర్వాత కంప్యూటర్ వచ్చింది. కాతిబ్‌లు వరసలో కూర్చునే గదిలో రెండు కంప్యూటర్లు పెట్టి, అందరికీ సలామ్ చెప్పి పంపేశారు. అప్పటినుంచి మిషన్‌తో చేసే దేన్నీ అబ్బా హునర్ అనరు. ఫొటో కూడా ఆయన లెక్కలో హునర్ కాదు.

తాతా మనవరాలు ఇద్దరూ నా వైపు చూశారు. "నువ్వు చెప్పు, ఫైసలా నీదే" అన్నారు అబ్బా. పండుగ పూట ఎవరి మనసు నొప్పించాలి? "ఒక నెల టైమివ్వండి" అని తప్పించుకున్నాను. ఆ నెల రోజుల్లో చదివిందీ, మళ్ళీ చూసిందీ, ఆలోచించిందీ ఇక్కడ రాస్తున్నాను. మన ఇళ్ళల్లో చాలామంది పిల్లలు ఇప్పుడు కెమెరా పట్టుకుంటామంటున్నారు. చాలామంది పెద్దలు మా అబ్బా అడిగిందే అడుగుతున్నారు.

ముందు ఆ మనిషి గురించి. అబ్బాస్ కియారొస్తమీ 1940 జూన్ 22న తెహ్రాన్‌లో పుట్టాడు. తెహ్రాన్ యూనివర్సిటీలో తస్వీర్‌లు గీయడం చదువుకున్నాడు. ఖర్చుల కోసం ట్రాఫిక్ పోలీసు విభాగంలో పని చేశాడు. పోస్టర్లు గీశాడు, అడ్వర్టైజ్‌మెంట్లు తీశాడు, వేరేవాళ్ళ సినిమాలకు టైటిళ్ళు రాశాడు. పిల్లల కోసం పెట్టిన 'కానూన్' అనే సర్కారీ సంస్థలో సినిమా విభాగం మొదలుపెట్టడంలో చేయి వేశాడు. 1970లో అక్కడే మొదటి చిన్న సినిమా తీశాడు. ఒక పిల్లవాడు రొట్టె పట్టుకుని ఇంటికి వెళ్తుంటాడు, గల్లీలో ఒక కుక్క అడ్డం. అంతే కథ. పది నిమిషాలు. 1979 ఇంఖిలాబ్ తర్వాత చాలామంది దేశం వదిలి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళలేదు. అడిగినవాళ్ళకు, చెట్టును పెకలించి వేరేచోట నాటితే అలాంటి పండు కాయదని చెప్పేవాడు. 1997లో 'తామె గీలాస్'కి, అంటే చెర్రీ పండు రుచి అనే సినిమాకి, కాన్ పండుగలో అన్నిటికంటే పెద్ద ఇనామ్ వచ్చింది. దాన్ని జపాన్ డైరెక్టర్ ఇమామురాతో పంచుకున్నాడు. 2016 జులై 4న పారిస్‌లో ఇంతిఖాల్ అయ్యాడు. తెహ్రాన్ దగ్గర లవాసాన్‌లో ఖబర్ ఉంది.

ఇప్పుడు మర్తబా సంగతి. ఎవరు పెద్ద ఫన్‌కార్, ఎవరు చిన్న అనే తరాజు ఎప్పుడూ ఒకేలా లేదు. ఇది అబ్బాకి చెప్పడం కష్టమైంది, ఎందుకంటే ఆ తరాజులో ఒకప్పుడు అందరికంటే బరువు తూగింది ఆయన పనే. మన తహజీబ్‌లో మొదటి కుర్సీ ముసవ్విర్‌ది కాదు, ఖత్తాత్‌ది. కలామ్-ఎ-పాక్ రాసే చేయి కదా. అక్బర్ దర్బారులో అబుల్ ఫజల్ 'ఆయినె అక్బరీ'లో రాతనే తస్వీర్ కంటే పైన పెట్టాడు. బొమ్మ గీసేవాడి మీద ఉలమాకి ఎప్పుడూ కొంచెం షక్ ఉండేది. అల్ ముసవ్విర్ అన్నది అల్లాహ్ నామాల్లో ఒకటి, రూపమిచ్చేవాడు ఆయనే. మట్టి మనిషి ఆ పని నెత్తిన వేసుకుంటే బాగుంటుందా అనే భయం. కాబట్టి బెహ్జాద్ కూడా ఒకప్పుడు "తీస్కపోయి కూసోబెట్టినవా" అనిపించుకునే జాతిలోవాడే.

ఆయన సంతకం చూడండి. 1488లో హెరాత్‌లో సుల్తాన్ హుసేన్ బైఖరా కోసం తయారైన షేక్ సాదీ 'బోస్తాన్' ప్రతి ఇప్పుడు కైరోలో ఉంది. అందులో బెహ్జాద్ తన పేరు వెతికితే తప్ప దొరకనంత చిన్నగా రాసుకున్నాడు. ఒక తస్వీర్‌లో రాజుగారి అంబులపొది మీద దాచాడు. ఇంకోచోట గోడ మీది రాతల్లో కలిపేశాడు. రాసింది కూడా ఏమిటి? "అబ్ద్ బెహ్జాద్ చేసిన పని" అని. అబ్ద్ అంటే గులామ్. ఫన్‌కార్ అని కాదు, ఉస్తాద్ అని కాదు.

అబ్బా మొదటి ఎతరాజ్ ఇది: "సినిమా వందమంది చేస్తరు. కెమెరా పట్టేటోడు ఒకడు, పాట రాసేటోడు ఒకడు, కోసి అతికించేటోడు ఒకడు. పేరు మాత్రం ఒక్కనికేనా? నేను పేజీ రాస్తే నేనే రాసిన."

ఈ మాట సహీ అనిపించింది. కానీ కితాబ్‌ఖానా ఎలా నడిచేదో చూస్తే అదీ నిలబడదు. అదే 'బోస్తాన్' ప్రతికి రాత సుల్తాన్ అలీ అనే కాతిబ్‌ది. బంగారు నగిషీ యారీ అనే ఆయనది. బొమ్మలు బెహ్జాద్‌వి. కాగితం చేసినవాళ్ళు, దానికి గవ్వతో మెరుగు పెట్టినవాళ్ళు, రంగులు నూరినవాళ్ళు, జిల్ద్ కట్టినవాళ్ళ పేర్లే లేవు. మొగల్ కార్ఖానాలో అయితే ఒకే తస్వీర్‌కి గీత ఒకరు గీస్తే రంగు ఇంకొకరు నింపేవారు, ముఖాలు దిద్దడానికి మూడోవాడు వచ్చేవాడు. దర్బారు మున్షీలు హాషియాలో ఆ పేర్లన్నీ రాసిపెట్టారు కాబట్టి మనకు తెలుసు. 'హమ్జానామా'కి సుమారు 1400 పెద్ద తస్వీర్‌లు, దాదాపు పదిహేనేళ్ళ పని. దాన్ని మొదట నడిపించిన మీర్ సయ్యద్ అలీ, తర్వాత పట్టాలెక్కించిన అబ్దుస్సమద్, ఇద్దరూ ఇరాన్ నుంచి హుమాయూన్ వెంట వచ్చినవాళ్ళు. వాళ్ళు చేసింది సగం ముసవ్విరీ, సగం డైరెక్షనే. ఆ మాట ఆ జమానాలో లేదు గనక మనం వాడటం లేదు.

"సరే, అది వదిలెయ్. చెయ్యి ఏది మరి? కెమెరా ముందు ఏముంటే అది పడుతది. చెయ్యి లేని హునర్ ఏం హునర్?"

దీనికి జవాబు చెప్పాలంటే ఒక తస్వీర్, ఒక కొండ పక్కపక్కన పెట్టాలి.

తస్వీర్ బెహ్జాద్‌దే, ఆ కైరో 'బోస్తాన్'లోదే. యూసుఫ్ అలైహిస్సలామ్ జులేఖా నుంచి పారిపోతున్న ఘట్టం. మన ఇళ్ళల్లో సూరె యూసుఫ్ తెలియనివారు ఉండరు, మూసిన తలుపుల సంగతి తెలియనివారు ఉండరు. వేరేవాళ్ళయితే ఇద్దరు మనుషుల్ని పెద్దగా గీసి ఊరుకునేవారు. బెహ్జాద్ మొత్తం కాగితాన్ని ఇల్లు చేసేశాడు. కింద గేటు నుంచి మొదలుపెట్టి తలుపు, గది, మెట్లు, మళ్ళీ తలుపు. మెట్లు ఒకసారి ఇటు తిరుగుతాయి, ఒకసారి అటు. ఆ ఇంట్లో నౌకర్లు లేరు, పిల్లి కూడా లేదు. చూసేవాడి కన్ను ఆ వంకర మెట్లు ఎక్కుతూ, ఒక్కో మూసిన తలుపు దగ్గర ఆగుతూ పోయి, పైన ఒక మూలలో ఆ ఇద్దరి దగ్గర చేరుతుంది. అక్కడికి చేరేసరికి మన ఊపిరే బిగుసుకుంటుంది. ఆ ఖాళీ ఇంట్లో చూస్తున్నవాడు ఒక్కడే ఉన్నాడని, ఆ ఒక్కడి నుంచి ఏ తలుపూ దాచలేదని ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

కొండ కియారొస్తమీది. 1987లో తీసిన 'ఖానెయె దోస్త్ కుజాస్త్?' సినిమాలోది. ఆ పేరు సోహ్రాబ్ సెపెహ్రీ అనే షాయర్ నజ్మ్ నుంచి తీసుకున్నది. ఉర్దూ వచ్చినవాళ్ళకి ఈ పేరుకి తర్జుమా అక్కర్లేదు. దోస్త్ ఇల్లు ఎక్కడ? ఉత్తర ఇరాన్‌లో కోకెర్ అనే ఊరు. ఎనిమిదేళ్ళ అహ్మద్ పొరపాటున తన పక్క పిల్లవాడి నోట్‌బుక్ ఇంటికి తెచ్చేస్తాడు. రెండు నోట్‌బుక్కులూ ఒక్కలాగే ఉంటాయి మరి. రేపు నోట్‌బుక్‌లో మష్క్ రాసుకురాకపోతే ఆ పిల్లవాణ్ణి బడి నుంచి తీసేస్తానని ఉస్తాద్ అప్పటికే బెదిరించి ఉన్నాడు. దోస్త్ ఊరు కొండకి అవతల, పుష్తె. ఇల్లెక్కడో తెలియదు. అమ్మీ వెళ్ళనివ్వదు. అయినా పరుగెత్తుతాడు. కొండ మీద దారి వంకరటింకరగా, ఇటొకసారి అటొకసారి తిరుగుతూ పైకి పోతుంది. కొండ నెత్తిన ఒకే ఒక్క చెట్టు. ఆ దారిలో చీమలా ఒక పిల్లవాడు.

ఆ దారి అక్కడ ముందునుంచీ ఉన్నది కాదు. సినిమా కోసం కియారొస్తమీ దాన్ని కొండ మీద వేయించాడు. అంటే కొండే ఆయన కాగితం, పిల్లవాడి కాళ్ళే కలమ్. బెహ్జాద్ మెట్లు, ఈ దారి పక్కపక్కన పెట్టి చూస్తే చెయ్యి లేదని ఎవరంటారు? ఇద్దరూ మనిషిని చిన్నగా చేసి, అతను దాటాల్సిన దారిని పెద్దగా చేశారు. ఇద్దరికీ తెలుసు, ఎవరో మనసులో చేసుకునే ఫైసలాని బయటికి చూపించాలంటే ముఖం మీదికి వెళ్ళనక్కర్లేదని.

నేను ఈ సినిమా మొదటిసారి చూసింది హైదరాబాద్‌లో ఒక ఫిల్మ్ క్లబ్‌లో, ఇనుప కుర్చీలో కూర్చుని. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. కింద ఇంగ్లీషు అక్షరాలు పరుగెత్తుతుంటే చదవడం మానేశాను. సగం మాటలు మా ఇంట్లో మాటల్లాగే వినిపించాయి. ఇందులో వింత కూడా ఏమీ లేదు. గోల్కొండ దర్బారుకీ ఇరాన్‌కీ మధ్య రాకపోకలు తెగని జమానా ఒకటుండేది. 1591లో చార్మినార్ లేచినప్పుడు కులీ కుతుబ్ షా దగ్గర పేష్వా మీర్ మోమిన్, అస్తరాబాద్ నుంచి వచ్చిన మనిషి. ఆయన దాయిరా ఇప్పటికీ పాతబస్తీలో ఉంది, మా తాతలు అక్కడే ఉన్నారు. కోకెర్ ఊరి గల్లీలు చూస్తుంటే నాకు పరాయి దేశం అనిపించలేదు. మనవణ్ణి క్రమశిక్షణ కోసం ఊరికే సిగరెట్లు తెమ్మని తిప్పే ఆ దాదాలాంటివాళ్ళు మన మొహల్లాల్లో ఎందరు లేరు!

మూడేళ్ళ తర్వాత, 1990 జూన్‌లో, అదే ఇలాఖాలో జల్‌జలా వచ్చింది. సుమారు 40 వేల మంది చనిపోయారు. సినిమాలో చేసిన పిల్లలు బతికున్నారో లేదో చూడటానికి కియారొస్తమీ కొడుకుని వెంటబెట్టుకుని బయలుదేరాడు. ఆ సఫర్‌నే తర్వాత సినిమాగా తీశాడు. 1992లో వచ్చింది, పేరు 'జిందగీ వ దిగర్ హీచ్'. జిందగీ, ఇంకేమీ లేదు. శిథిలాల మధ్య ఒక మనిషి యాంటెన్నా నిలబెడుతుంటాడు, ఆ రాత్రి ఫుట్‌బాల్ వరల్డ్ కప్ మ్యాచ్ ఉంది మరి. ఇంట్లో మౌత్ జరిగింది, మ్యాచ్ కూడా చూడాలి. ఇంకొక కుర్రాడు బంధువులు ఎందరో పోయినా మరునాడే పెళ్ళి చేసుకున్నానంటాడు. ఏడుపు సంగీతం లేదు, పెద్ద మాటలు లేవు. 1994లో వచ్చిన మూడో సినిమా, జైతూన్ చెట్ల మధ్య నడిచేది, ఆ పెళ్ళి సీన్ ఎలా తీశారనే కథ. ఆ కుర్రాడు నిజానికి తాపీమేస్త్రీ. పెళ్ళికూతురి వేషం వేసిన అమ్మాయిని నిజంగానే ఇష్టపడ్డాడు. ఇల్లు లేనివాడికి పిల్లనివ్వమన్నారు. అందరి ఇళ్ళూ కూలిపోయాక, ఇప్పుడు అందరం బరాబరే కదా అని అతని వాదన. చివర్లో ఇద్దరూ దూరంగా, పొలం మీద రెండు తెల్లచుక్కల్లా అయిపోతారు. ఆ అమ్మాయి ఏం జవాబు చెప్పిందో మనకు వినిపించదు.

బెహ్జాద్ పనిగా చెప్పే ఇంకో తస్వీర్ లండన్‌లో ఉంది. నిజామీ 'ఖమ్సా'లోని ఖవర్నఖ్ కోట కట్టడం. అందులో కోట కట్టించిన రాజు కాదు, కట్టేవాళ్ళే నిండి ఉన్నారు. ఇటుకలు మోసేవాడు, సున్నం కలిపేవాడు, నిచ్చెన ఎక్కుతున్నవాడు, పైనుంచి చేయి చాపినవాడు. సుల్తాన్ ఖర్చుతో తయారైన కితాబ్‌లో కూలీల చెమట. ఐదు వందల ఏళ్ళ తర్వాత ఆ తాపీమేస్త్రీని సినిమాకి నాయకుణ్ణి చేసినవాడు ఈ వంశంవాడు కాక మరెవరు?

అబ్బా మూడో మాట కాలం గురించి. "బెహ్జాద్ ఐదొందల ఏండ్లు నిలబడ్డడు. ఈయన పోయి పదేండ్లు గూడ నిండకముందే మీరు కుర్సీ ఏసిన్రు."

కానీ బెహ్జాద్ మర్తబా తేలడానికి ఐదు వందల ఏళ్ళు పట్టలేదు. బతికుండగానే ఖ్వాందమీర్ లాంటి తారీఖ్ రాసేవాళ్ళు ఆయన్ని ఆకాశానికెత్తారు. 1522లో షా ఇస్మాయిల్ పేరుతో వచ్చిన ఫర్మాన్ ఆయన్ని షాహీ కితాబ్‌ఖానాకి పెద్దను చేసింది. బాబర్ బాద్‌షా 'బాబర్‌నామా'లో ఆయన నజాకత్‌ని మెచ్చుకుంటూనే తప్పుపట్టాడు. గడ్డం లేని ముఖాలు సరిగ్గా గీయడట, గవద కింద మడత మరీ సాగదీస్తాడట, గడ్డమున్న ముఖాలు మాత్రం బాగా గీస్తాడట. ఇది చదివి నేను నవ్వుకున్నాను. ఇలాంటి నుక్తాచీనీ చేశాడంటే బాబర్ ఆ తస్వీర్‌లను ఎంత దగ్గరగా చూశాడో! ఉస్మానియా రచయిత ముస్తఫా అలీ ఒక ఖిస్సా రాశాడు. 1514 చాల్దిరాన్ జంగ్‌కి ముందు షా ఇస్మాయిల్ బెహ్జాద్‌నీ, షా మహ్మూద్ అనే కాతిబ్‌నీ ఒక గుహలో దాచిపెట్టాడట. ఓడిపోయి తిరిగొచ్చాక మొట్టమొదట వాళ్ళిద్దరూ సలామత్‌గా ఉన్నారా అని అడిగాడట. తారీఖ్ తెలిసినవాళ్ళు దీన్ని నమ్మరు, ఆ ఏడు బెహ్జాద్ అక్కడ ఉన్నాడనేదే అనుమానం. అయినా ఈ ఖిస్సా అబ్బాకి చెబితే ఎంత సంబరపడ్డారో. "చూసినవా, కాతిబ్‌ని గూడ దాసిండు" అన్నారు.

కియారొస్తమీకి కూడా ఇలాంటి గవాహీ ఉంది. దేశదేశాల విమర్శకులను అడిగి పదేళ్ళకోసారి వేసే 'సైట్ అండ్ సౌండ్' పత్రిక జాబితాలో 2022లో ఆయన 'క్లోజప్' మొదటి 20లో ఉంది. 1990లో తీసిన సినిమా అది. తెహ్రాన్‌లో ప్రింటింగ్ ప్రెస్‌లో పని చేసే ఒక గరీబ్ మనిషి, తానే ప్రసిద్ధ డైరెక్టర్ మఖ్మల్‌బాఫ్‌ని అని చెప్పి ఒక కుటుంబంలో చేరాడు. దొరికిపోయాడు, జైలుకి వెళ్ళాడు. కియారొస్తమీ కాజీ ఇజాజత్ తీసుకుని ఆ ముకద్దమాని కెమెరాతో తీశాడు. తర్వాత మోసం చేసినవాడూ, మోసపోయినవాళ్ళూ, అందరూ తమ పాత్రలే మళ్ళీ వేశారు. మోసమెందుకు చేశావని కాజీ అడిగితే అతని జవాబులో డబ్బు మాట ఎక్కడో వెనకుంటుంది. ఇజ్జత్ మాటే ముందుంటుంది. తన మాట ఎవరో విన్నారు, కొన్నిరోజులు తనను గౌరవించారు, అంతే. చివర్లో అసలు మఖ్మల్‌బాఫ్ వచ్చి అతన్ని మోటార్‌సైకిల్ మీద ఎక్కించుకుని, పూల కుండీతో ఆ కుటుంబం దగ్గరికి మాఫీ అడగడానికి తీసుకెళ్తాడు. దారిలో వాళ్ళ మాటలు తెగితెగి వినిపిస్తాయి, మైక్ పాడైందంటారు వెనకనుంచి. అది నిజంగా పాడవలేదు. వాళ్ళిద్దరి మధ్య మాటలు మనం వినకూడదని కియారొస్తమీయే కోశాడు. ఒక మనిషి శర్మిందగీ మీద పరదా వేయడం అది. దీన్ని నేను అదబ్ అంటాను.

అన్నీ మెచ్చుకోవడమే కాదు. 'తామె గీలాస్' మన ఇళ్ళల్లో పెట్టి చూపించడానికి నేను వెనకాడాను. ఒక మనిషి కారులో తిరుగుతూ, తాను ఖుద్‌కుషీ చేసుకున్నాక గుంటలో ఇరవై పారల మట్టి వేసేవాణ్ణి వెతుకుతుంటాడు. ఖుద్‌కుషీ హరామ్ అని మనకు తెలుసు, సినిమాలో కూడా మదర్సాలో చదివే ఒక అఫ్గాన్ కుర్రాడు ఆ మాటే చెబుతాడు. కానీ అతని దగ్గర దలీల్ ఉంది, బతికించే మాట లేదు. ఆ మాట తర్వాత కారెక్కిన ముసలాయన చెబుతాడు. తానూ ఒకప్పుడు తాడు పట్టుకుని తూత్ చెట్టెక్కానని, చేతికి పండు తగిలిందని, తిన్నానని, ఇంకొకటి తిన్నానని. మిమ్మల్నందరినీ ఇది చూడమనను. ఇంట్లో మనసు బాగాలేని పిల్లలుంటే అసలు వద్దు, వాళ్ళ పక్కన కూర్చుని మాట్లాడండి. కానీ ఒక ఫత్వాకీ ఒక పండుకీ మధ్య ఎంత దూరమో నాకు అర్థమైంది ఈ సినిమాలోనే. ఆఖర్లో సినిమావాళ్ళందరినీ చూపించి, ఇదంతా షూటింగే అని చెప్పేసే ముక్క మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఇటలీలో, జపాన్‌లో తీసిన ఆఖరి సినిమాలు కూడా నాకు అంతగా ఎక్కలేదు. చెట్టు పోలిక చెప్పిన మనిషే కదా.

ఇంకొకటి చెప్పి ఆపుతాను. 2008లో 'షీరీన్' అని తీశాడు. వందకు పైగా ఆడవాళ్ళు థియేటర్‌లో కూర్చుని నిజామీ ఖుస్రో షీరీన్ కథ చూస్తుంటారు. మనకు కథ కనిపించదు, మాటలు వినిపిస్తాయి. కనిపించేది వాళ్ళ ముఖాలే. ఒకరు దుపట్టా సర్దుకుంటారు, ఒకరు కన్ను తుడుచుకుంటారు. శతాబ్దాల పాటు ముసవ్విర్‌లు స్నానం చేస్తున్న షీరీన్‌ని, చాటునుంచి చూస్తున్న ఖుస్రోని గీస్తూ వచ్చారు. ఈయన షీరీన్‌ని దాచేసి, ఆమె కోసం ఏడ్చేవాళ్ళని చూపించాడు. ముహర్రం తాజియా ఆటని ఇటలీలో ఆడించినప్పుడు కూడా దాన్ని చూస్తూ గుండెలు బాదుకునే పల్లెటూరివాళ్ళ ముఖాలను తెర మీద వేశాడు. మన దగ్గర పీర్ల పండుగలో గుండం చుట్టూ నిలబడినవాళ్ళ ముఖాలు గుర్తున్నవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

సరే, ఫైసలా. హాఫిజ్ పక్కన కియారొస్తమీకి కుర్సీ వేయలేను. హాఫిజ్ కాగితం లేకుండా కూడా బతుకుతాడు, నోటినుంచి నోటికి పోతాడు. ఇరానీలు ఇప్పటికీ ఆయన దీవాన్ తెరిచి ఫాల్ చూసుకుంటారు. సినిమాని ఎవరూ హిఫ్జ్ చేయలేరు. కియారొస్తమీయే హాఫిజ్ గజళ్ళను మిస్రా మిస్రాగా విడదీసి ఒక కితాబ్ వేశాడు, దానికి కొందరితో తిట్లు కూడా తిన్నాడు. అంటే ఆయన షాగిర్ద్‌లాగే ఆ గుమ్మం దగ్గర కూర్చున్నాడు. బెహ్జాద్ పక్కన మాత్రం వేస్తాను. ముందూ కాదు, వెనకా కాదు, పక్కనే.

ఇది అబ్బాకి చెప్పడానికి మాటలు చాలవనిపించింది. గడువు నెల ముగిసిన ఇతవారం రాత్రి, ఇషా తర్వాత, టీవీకి లాప్‌టాప్ తగిలించి 'దోస్త్ ఇల్లెక్కడ' పెట్టాం. అబ్బా తస్బీహ్ చేతిలో పెట్టుకుని, చూడనట్టుగా కూర్చున్నారు. బడిలో ఉస్తాద్ "మష్క్" అనగానే తస్బీహ్ ఆగింది. మష్క్ అంటే ఫార్సీలో హోమ్‌వర్క్. అబ్బాకి అది హోమ్‌వర్క్ కాదు. ఏడేళ్ళ వయసులో తఖ్తీ మీద రోజుకి వందసార్లు అలిఫ్ గీయడం, ఉస్తాద్ చూసి చెరిపేయడం, మళ్ళీ గీయడం.

రాత్రిపూట ఒక ముసలాయన అహ్మద్‌కి దారి చూపిస్తూ నడుస్తాడు. ఊళ్ళో చెక్క తలుపులన్నీ తానే చేశానంటాడు. ఇప్పుడు జనం అవి తీసేసి ఇనుప తలుపులు పెట్టించుకుంటున్నారంటాడు. గల్లీలో దీపం వెలుగు ఆ పాత తలుపుల జాలీల్లోంచి గోడల మీద పడుతుంది. ఆయన మెల్లగా నడుస్తాడు, పిల్లవాడికి తొందర. అబ్బా ఏమీ అనలేదు. మా అమ్మాయి మెల్లగా ఆయన చేయి పట్టుకుంది.

ఆఖరికి అహ్మద్ దోస్త్ ఇల్లు దొరక్క, వాడి మష్క్ కూడా తనే రాసేసి, తెల్లారి బడికి తెచ్చి ఇస్తాడు. ఉస్తాద్ నోట్‌బుక్ తెరుస్తాడు. పేజీల మధ్య ఆ ముసలాయన ఇచ్చిన పువ్వు. సినిమా అయిపోయింది.

"వెనక్కి తిప్పు" అన్నారు అబ్బా.

"ఎక్కడికి దాదా? తలుపుల దగ్గరికా?"

"కాదు, ఆ నోట్‌బుక్ దగ్గరికి. పిల్లగాని ఖత్ ఎట్లుందో సరిగ్గ చూడనేలేదు. మీ ఉస్తాద్ ఆ పేజీ ఇంకొంచెం సేపు ఆపితే ఏం పోతుండె?"

అమ్మాయి తిప్పింది. అక్కడే ఆపింది. అబ్బా లేచి, కళ్ళజోడు సరిచేసుకుని, టీవీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు.